ఖాళీగా పరుగు, లోడుతో నీరసం: ట్రాలీ కట్టిన బండి ఎందుకు లాగదు?

"ఖాళీగా పోతే గుర్రంలా పోతోంది. ట్రాలీ తగిలించి బస్తాలు వేస్తే మాత్రం ఎత్తు మీద చచ్చిపోతోంది." వడ్ల సీజన్ మొదలైందంటే దక్షిణ ఒడిశాలోని గుణుపురం, రాయగడ, కొరాపుట్, జయపురం ట్రాక్టర్ షెడ్లలో మెకానిక్ చెవిన పడే ఫిర్యాదు ఇది. మాట తెలుగులో వచ్చినా ఒడియాలో వచ్చినా, చాలాసార్లు దానికి దొరికే వైద్యం ఒక్కటే: డీజిల్ పంపు విప్పడం, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు ఊడదీసి టెస్టింగుకు పంపడం. బండి మూడు నాలుగు రోజులు షెడ్డులో ఉంటుంది. ఈలోపు వడ్లు కొనే మండిలో మనకిచ్చిన టోకెన్ తేదీ దాటిపోతుంది. బిల్లు కట్టి తెచ్చుకున్నాక అదే ఎత్తు మీద బండి మళ్లీ అలాగే మూలుగుతుంది. లోపం పంపులో లేదు కాబట్టి.

"లాగడం లేదు" అనే ఒక్క మాట వెనక మూడు వేర్వేరు జబ్బులు ఉండొచ్చు. ఇంజిన్‌లో బలం పుట్టకపోవడం ఒకటి. పుట్టిన బలం చక్రం దాకా చేరకపోవడం రెండోది. చేరిన బలాన్ని వెనకున్న ట్రాలీయే తినేయడం మూడోది. ఏ జబ్బో తేల్చకుండా పానా పట్టుకోకూడదు. తేల్చడానికి కావలసినవి చూపు, వినికిడి, ఓపిక, ఒక చిన్న ఎత్తు రోడ్డు.

అసలు బలం తగ్గిందా?

వీటన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. బండి బలం నిజంగా తగ్గిందా, లేక దాని బలానికి మించి అడుగుతున్నామా? లెక్క పెద్ద కష్టం కాదు. ట్రాక్టర్ 2 టన్నులు, ఖాళీ ట్రాలీ ఒకటిన్నర టన్ను అనుకుందాం. 50 కిలోల వడ్ల బస్తాలు 90 వేస్తే నాలుగున్నర టన్నులు. మొత్తం 8 టన్నులు. నూరు మీటర్లకు 5 మీటర్లు లేచే ఎత్తు ఎక్కుతుంటే అందులో 5 శాతం, అంటే 400 కిలోల బరువు బండిని వెనక్కి గుంజుతూ ఉంటుంది. మంచి తారు రోడ్డు మీద టైర్లు దొర్లడానికే ఇంకో 160 కిలోల లాగుడు పోతుంది. కలిపితే 560. ఇంత బరువు లాగుతూ గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రాల దగ్గర సుమారు 21 హెచ్‌పీ కావాలి. 15 కిలోమీటర్లకు 31, 20 కిలోమీటర్లకు 41.

బానెట్ మీద 45 హెచ్‌పీ అని రాసి ఉన్నా అది ఇంజిన్ దగ్గరి లెక్క. గేర్లలో, టైర్లలో పోయింది పోగా నేల మీదికి వచ్చేది దాదాపు 35. ఇక్కడితో అయిపోలేదు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి మీదుగా సిమిలిగూడ, కొరాపుట్ చేరేసరికి బండి సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి గాలి కింది మైదానంలో గాలికన్నా దాదాపు 8 శాతం పలచన. టర్బో (గాలిని నొక్కి లోపలికి పంపే పరికరం) లేని ఇంజిన్‌కు గాలి ఎంత తగ్గితే బలం ఇంచుమించు అంత తగ్గుతుంది. 35 కాస్తా 32 అవుతుంది. అంటే 90 బస్తాలతో ఆ ఎత్తు మీద గంటకు 15 కిలోమీటర్లు వచ్చిందంటే ఇంజిన్ తన శక్తంతా పెడుతున్నట్టే. 20 రావడం లేదని పంపు విప్పించుకునేవాళ్లు బాగున్న ఇంజిన్‌కు ఆపరేషన్ చేయించుకుంటున్నారు.

మట్టి రోడ్డయితే లెక్క ఇంకా మారుతుంది. తారు మీద 2 శాతం దగ్గర ఉండే దొర్లుడు నష్టం మెత్తటి మట్టిలో 5, 6 శాతానికి పోతుంది. చదునుగా కనిపించే పొలం బాట కూడా ఇంజిన్‌కు ఘాట్ రోడ్డుతో సమానమే. కంటికి ఎత్తు కనబడదు కాబట్టి డ్రైవరు ఇంజిన్‌ను తప్పు పడతాడు.

లోపం ఉందని ఎప్పుడు అనాలి? అదే బండి, అంతే బరువు, అదే ఎత్తు, అదే గేరు; పోయిన ఏడాది ఎక్కింది, ఈ ఏడాది ఎక్కడం లేదు. అప్పుడు అనాలి. ఒక మనిషి మాట, ఇంకో ఊరి బండి, వేరే రోడ్డు, ఇవి పోలికకు పనికిరావు.

ముల్లు, పొగ

లోడుతో ఎత్తు ఎక్కుతుండగా బండి నెమ్మదించిన ఆ క్షణంలో రెండింటిని చూడాలి. డ్యాష్‌బోర్డులో ఆర్‌పీఎం ముల్లు (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది), సైలెన్సర్ చివర పొగ. ముల్లు పనిచేయకపోతే ముందు దాన్ని బాగు చేయించుకోవడమే మేలు; అది లేకుండా మిగిలిందంతా ఊహే అవుతుంది.

బండి నెమ్మదిస్తూ ముల్లు కూడా పడిపోతుంటే ఇంజిన్ అలసిపోతోంది. బండి నెమ్మదిస్తున్నా ముల్లు పడకుండా నిలిస్తే, లేదా పైకి పోతుంటే, ఇంజిన్‌లో బలం ఉంది, అది నేలకు చేరడం లేదు. అప్పుడు ముందుగా అనుమానించాల్సింది క్లచ్‌ను. దానితోపాటు ఒక కాలిన వాసన ఘాటుగా వస్తుంది. పెడల్ మీద కాలు వేసి నడిపే అలవాటున్న చోట ఇది ఎక్కువ. పెడల్‌కు ఉండాల్సిన ఖాళీ ఆట, అంటే క్లచ్ కదలకముందు పెడల్ ఊరికే దిగే దూరం, మిగిలి ఉందా అని ముందు చూడాలి. ఆట లేకపోతే ప్లేటు బాగున్నా జారుతూనే ఉంటుంది, ఆ జారుడే ప్లేటును కాల్చేస్తుంది. సరిచేయడానికి పట్టేది రాడ్డు మీద ఒక నట్టు తిప్పేంత పని. క్లచ్ కాకపోతే టైరు జారుడు. రెండు చక్రాల ట్రాలీలో బరువంతా వెనక్కి పేరిస్తే ముందు కొక్కెం పైకి లేస్తుంది, ట్రాక్టర్ వెనక చక్రాల మీద ఉండాల్సిన బరువు తగ్గుతుంది, తడి రోడ్డు మీద చక్రం ఊరికే తిరుగుతుంది. బస్తాలు నాలుగు వరసలు ముందుకు జరిపితే పోయే జబ్బు అది.

ముల్లు పడిపోతోంది సరే. ఇప్పుడు పొగ చూడాలి. పొగ నల్లగా దట్టంగా వస్తుంటే డీజిల్ అందుతోంది, దాన్ని కాల్చే గాలి చాలడం లేదు. పొగ దాదాపు లేకుండానే బండి నీరసపడితే డీజిలే అందడం లేదు. షెడ్డుల్లో ఎక్కువగా వదిలేసే ఆనవాలు ఈ రెండోదే. నల్ల పొగ అందరికీ కనబడుతుంది, పొగ లేకపోవడం ఎవరి కంటా పడదు. తెల్ల పొగ అయితే కాలని డీజిల్ లేదా నీళ్లు, నీలి పొగ అయితే ఇంజిన్ ఆయిల్ మండుతోందని అర్థం. ఈ రెండూ లోడు లేనప్పుడు కూడా బయటపడతాయి కాబట్టి ఇక్కడ ఆగాల్సిన పని లేదు.

నల్ల పొగ వచ్చినప్పుడు ఇంకో పరీక్ష ఉంది. ఒక గేరు తగ్గించి అదే ఎత్తు మళ్లీ ఎక్కాలి. కింది గేరులో ముల్లు నిలబడి, పొగ పలచబడి, బండి నింపాదిగా ఎక్కిందంటే ఇంజిన్‌కు జబ్బు లేకపోవచ్చు. గేరు ఎంపికే తప్పు కావచ్చు.

డీజిల్ అందనప్పుడు

ఖాళీ బండి ఎందుకు బాగుంటుంది, లోడు పడితేనే ఎందుకు చచ్చిపోతుంది అన్న ప్రశ్నకు జవాబు ఈ భాగంలోనే స్పష్టంగా కనిపిస్తుంది. 45 హెచ్‌పీ ఇంజిన్ పూర్తి బలం పెట్టినప్పుడు గంటకు దాదాపు 10 లీటర్ల డీజిల్ తాగుతుంది. ఊరికే స్టార్టింగ్‌లో ఉంటే ఒక లీటరు చాలు. సగానికి పైగా పూడిపోయిన ఫిల్టరు కూడా ఆ ఒక్క లీటరును సుఖంగా వదులుతుంది. అందుకే షెడ్డు ముందు నిలబెట్టి ఎక్స్‌లరేటర్ తొక్కి "బాగుందే" అనడం పరీక్ష కాదు.

బలం ఎప్పుడు పోతోందో సమయం చూసుకుంటే సగం పని అయిపోతుంది. ఎత్తు మొదట్లోనే చాలకపోతే బరువు, గాలి, లేదా ఎక్స్‌లరేటర్ రాడ్డు. మొదటి పది నిమిషాలు బాగా లాగి, తర్వాత నెమ్మదిగా చచ్చి, పక్కకు ఆపి టీ తాగి వచ్చేసరికి మళ్లీ బాగైపోతే, అది డీజిల్ దారిలో అడ్డు. ట్యాంకు అడుగున చేరిన చెత్త పీల్పుకు పైకి లేచి పైపు మూతికి అతుక్కుంటుంది, ఇంజిన్ ఆపితే మళ్లీ కిందికి రాలిపోతుంది. ఈ లక్షణం ఉన్న బండికి నాజిళ్లు మార్చినా ప్రయోజనం ఉండదు.

ఇక్కడ ట్యాంకు మూత గురించి కాస్త ఆగి చెప్పాలి. డీజిల్ బయటికి పోతున్న కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. అందుకని మూతలో ఒక సన్నటి రంధ్రం ఉంటుంది, అగ్గిపుల్ల మొన పట్టేంత. కొరాపుట్ కొండల్లో వాన పట్టిందంటే రోజుల తరబడి వదలదు. నీళ్లు దిగకుండా మూత మీద పాలిథిన్ కవరు వేసి సుతిలితో బిగించి కడతారు. మంచి ఉద్దేశమే, కానీ దానితో ఆ రంధ్రం మూసుకుపోతుంది. ఖాళీ బండికి తేడా తెలియదు. లోడుతో ఎక్కుతున్నప్పుడు ట్యాంకులో గాలి పలచబడి, డీజిల్ రావడానికి మొరాయిస్తుంది. పరీక్ష సులువు: బండి నీరసపడగానే పక్కకు ఆపి మూత వదులు చేయాలి. "స్‌స్" మని గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వస్తే దొంగ దొరికినట్టే. కవరు తీసేసి, రంధ్రంలో మట్టి ఉంటే సన్నటి తీగతో తీస్తే చాలు.

తర్వాత డీజిల్ ఫిల్టరు కింద గాజు గిన్నె. లోపలి పల్లెల్లో బంకు దూరం కాబట్టి డీజిల్ డ్రమ్ముల్లో తెచ్చి నిలవ పెట్టుకుంటారు. డ్రమ్ము పగలు వేడెక్కి రాత్రి చల్లబడితే లోపల చెమట పడుతుంది, ఆ నీరు అడుగున చేరుతుంది. గిన్నె విప్పి వెలుతురుకు పట్టుకుంటే పైన డీజిల్, కింద దానితో కలవకుండా వేరుగా కదిలే నీటి పొర కనబడుతుంది. అది పారబోసి, ఫిల్టర్లు రెండూ మార్చి, చేతి పంపుతో గాలి పూర్తిగా తీయాలి. గాలి వదిలే బ్లీడింగ్ స్క్రూ దగ్గర నురగ ఆగి డీజిల్ గాజులా వచ్చేదాకా కొట్టాలి. ఎన్నిసార్లు కొట్టినా నురగ ఆగకపోతే ట్యాంకుకూ, దాని నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకూ మధ్య ఎక్కడో గాలి పడుతోంది. అక్కడ డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి వస్తుంది. తడి మచ్చ కోసం వెతికితే దొరకదు. పగిలిన రబ్బరు పైపు, పైపు చివర బిగించే బాంజో బోల్టు వదులవడం, అరిగిన వాషర్, వీటిని ఒక్కొక్కటే చూడాలి.

వీటికన్నా ముందే చూడదగ్గ ఇంకొకటి ఎక్స్‌లరేటర్ రాడ్డు. ఒకరు పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు పంపు దగ్గర లివరు చివరి బోల్టును తాకుతోందా లేదా చూడాలి. రెండు పిన్నులు అరిగి లివరు కొంచెం ముందే ఆగిపోతే ఆ బలం ఎప్పటికీ రాదు. దీనికి పానా కూడా అక్కర్లేదు.

గాలి చాలనప్పుడు

ఒక కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. లీటరు లెక్కన చూస్తే ఒక లీటరు డీజిల్‌కు దాదాపు పదివేల లీటర్ల గాలి. పది లీటర్లు తాగే గంటలో లక్ష లీటర్లు, అది కూడా కనీసం. పొగ లేకుండా మండాలంటే ఇంకా ఎక్కువే. ఇంత గాలీ ఒక డబ్బాలోని ఫిల్టరు గుండా పోవాలి. రాయగడ, కొరాపుట్ ఎర్రమట్టి దుమ్ము, నూర్పిడి దగ్గర ఊక, ఈ రెండూ కలిస్తే నూనె గిన్నె ఉండే గాలి ఫిల్టరులో ఆ నూనె వారం తిరక్కముందే ఎర్రటి ముద్దవుతుంది. మాన్యువల్‌లో చెప్పిన గంటలు మామూలు చోటికి. ఈ దుమ్ములో అంతకన్నా ముందే విప్పి చూడాలి.

ఫిల్టరు బాగుంటే దాని నుంచి ఇంజిన్‌కు పోయే రబ్బరు హోసు. పాతబడి మెత్తబడిన హోసు మామూలుగా చూస్తే గుండ్రంగానే ఉంటుంది, ఇంజిన్ రైజ్ చేసినప్పుడు పీల్పుకు లోపలికి నొక్కుకుపోతుంది. రైజ్ చేసి ఉండగానే చూడాలి. టర్బో ఉన్న బండిలో దీనికి తిరగబడ్డ లోపం వస్తుంది: టర్బో దాటాక హోసు చిట్లితే కూడబెట్టిన గాలి బయటికి పోతుంది, లోడు మీద ఈలలాంటి శబ్దంతో పాటు నల్ల పొగ వస్తుంది. క్లిప్ దగ్గర నూనె మరక ఉంటే అదే చోటు. ఘాట్ లారీల్లో సైలెన్సర్ దారిలో, దిగేటప్పుడు పొగను అడ్డుకుని బండిని నిదానించే ఎగ్జాస్ట్ బ్రేకు రెక్క ఉంటుంది; తుప్పుకు సగంలో ఇరుక్కుంటే పొగ బయటికి పోలేక కొత్త గాలి లోపలికి రాలేదు. సుంకి దిగివచ్చిన తర్వాత మొదలైన నీరసమైతే ముందు దాన్నే చూడాలి.

ఫిల్టరు తీసేసి ఒకసారి ఎక్కించి చూద్దామనే అలవాటు ఉంది. దుమ్ము రోడ్డు మీద అది అస్సలు వద్దు. మట్టి ఒక్కసారి లోపలికి పోతే పిస్టన్ కదిలే లైనర్‌నూ, పిస్టన్ చుట్టూ ఉండే రింగులనూ గీస్తుంది, చిన్న లోపం ఇంజిన్ పనిగా మారుతుంది. రింగులు ముందే అరిగాయేమో అనే అనుమానం ఉంటే కొరాపుట్ చలికాలపు పొద్దునే జవాబు చెబుతుంది: రాత్రంతా బయట ఉన్న బండి మొదటి తిప్పుకే అందుకుంటే కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే బలం) దాదాపు బాగున్నట్టే.

కొత్త బండ్లకు ఒక మాట. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 (కాలుష్య నియమం) పికప్‌లు, లారీలు, 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లు కంప్యూటర్ మాట వింటాయి. కొన్ని సెన్సర్లు తేడా చెబితే ఇంజిన్ తనంతట తానే బలం తగ్గించుకుంటుంది. డ్యాష్‌బోర్డులో ఇంజిన్ హెచ్చరిక దీపం వెలిగిందంటే పైన చెప్పిన వెతుకులాట ఆపి స్కానర్ పెట్టించాలి. చిన్న దూరాలే తిరిగే పికప్‌లో పొగ ఫిల్టరు మసితో నిండిపోవడం మామూలు.

ట్రాలీని ఎవరూ చూడరు

ఇంజిన్‌కు ఎన్ని పరీక్షలు చేసినా వెనకున్న ట్రాలీని ఎవరూ తాకరు. దానికి ఇంజిన్ లేదు కాబట్టి దానికి జబ్బు రాదనుకుంటారు. ఎండకు ఎండి వానకు తడిసి, ఏడాదికోసారి కూడా గ్రీసు చూడని బేరింగులు, తుప్పు పట్టిన బ్రేకు స్ప్రింగులు, గాలి తక్కువున్న పాత టైర్లు అన్నీ అందులోనే ఉంటాయి. ఒక చక్రంలో బ్రేకు పట్టి ఉంటే పైన లెక్కలో వేసుకున్న 560 కిలోలకు ఇంకో వంద, రెండు వందల కిలోలు కలిసినా ఆశ్చర్యం లేదు. ఇంజిన్‌కు అది ఇంకో మిట్ట ఎక్కుతున్నట్టే.

పట్టుకోవడం ఇలా. చదునైన రోడ్డు మీద, వీలైనంత బ్రేకు తొక్కకుండా ఎనిమిది పది కిలోమీటర్లు నడిపి, బండిని తానుగా ఆగనిచ్చి దిగాలి. ప్రతి చక్రం హబ్బు (చక్రం మధ్య భాగం) దగ్గరికి అరచేయి కాదు, చేతి వెనక వైపు తీసుకుపోవాలి, తాకకూడదు. అన్నీ గోరువెచ్చగా ఒకేలా ఉంటే సరే. ఒకటి దూరం నుంచే సెగ కొడుతుంటే దాని మీద నాలుగు నీటి చుక్కలు చల్లాలి. చుక్క "చుయ్" మని ఎగిరిపోయిందంటే హబ్బు నూరు డిగ్రీలు దాటింది. ఇప్పుడు బరువు దించి ఆ చక్రాన్ని జాకీ మీద లేపి తిప్పాలి. గట్టిగా పట్టుకుని తిరగకపోతే బ్రేకు. తిరుగుతూ గరగర మంటే, పైనా కిందా పట్టి ఊపితే ఊగితే బేరింగు. నాలుగు చక్రాల ఖాళీ ట్రాలీ అయితే సిమెంటు నేల మీద ఇద్దరు ముగ్గురు తోస్తే కదలాలి. ఐదుగురికి కూడా లొంగకపోతే ఇంజిన్ పాపం ఏం చేస్తుంది?

పెద్ద ట్రైలర్లలో గాలి బ్రేకులు ఉంటాయి. వాటిలో గాలి తగ్గితే స్ప్రింగు తానుగా బ్రేకు వేసేలా ఏర్పాటు ఉంటుంది. ఎక్కడో సన్నగా గాలి లీకవుతుంటే బ్రేకు పూర్తిగా పట్టదు, పూర్తిగా వదలదు. బండి ఈడుస్తూ పోతుంది. ముందు గాలి మీటరు చూడాలి.

బ్రేకు పట్టేస్తోందని తెలిశాక రాడ్డు ఊడదీసి పక్కన పడేయడం ఈ రోడ్ల మీద జరిగే పని. ఇది చేయవద్దు. బండి ఆ రోజు తేలిగ్గా ఎక్కుతుంది, నిజమే. ఎక్కిన ఘాట్ దిగాలి కదా. బ్రేకు లేని ఆరు టన్నుల ట్రాలీ రెండు టన్నుల ట్రాక్టర్‌ను వెనక నుంచి తోస్తుంది, మలుపులో ట్రాలీ పక్కకు తిరిగి ట్రాక్టర్‌ను మడిచేస్తుంది. అప్పుడు స్టీరింగ్ పట్టుకున్న మనిషి చేతిలో ఏమీ ఉండదు. తుప్పు పట్టిన స్ప్రింగును మార్చాలి, క్యామ్‌కు గ్రీసు పెట్టాలి, ఇరువైపులా సమానంగా సర్దాలి. బ్రేకును తీసేయకూడదు.

పంపు మీద సీలు తెంచి డీజిల్ స్క్రూ పెంచడం కూడా ఇలాంటిదే. గాలి చాలని ఇంజిన్‌కు డీజిల్ పెంచితే వచ్చేది ఎక్కువగా పొగే. ఎత్తు మీద గంటసేపు అలా లాగితే పిస్టన్ తల కరిగేంత వేడి పుట్టవచ్చు, దెబ్బ పిస్టన్‌తో ఆగకుండా హెడ్ దాకా పోవచ్చు. స్క్రూ పెంచి బాగు చేశామని చెప్పే షెడ్డు నుంచి బండిని వెంటనే తెచ్చేసుకోవడం మంచిది.

దీనంతటికీ ఊరి దగ్గర ఒక ఎత్తును గుర్తు పెట్టుకోవాలి. కిలోమీటరు ఉన్నా చాలు, తారు రోడ్డయితే మంచిది. బండి బాగున్న రోజున 90 బస్తాలతో, మూడో గేరులో, పెడల్ పూర్తిగా తొక్కి ఎక్కితే పైన మైలురాయి దగ్గర ముల్లు ఎంత చూపిందో రాసి పెట్టుకోవాలి. 1700 అనుకుందాం. నీరసం వచ్చిన రోజు మూత, గిన్నె, రాడ్డు, గాలి ఫిల్టరు, క్లచ్ ఆట, ట్రాలీ హబ్బులు, టైర్ల గాలి సరిచూసుకుని, అన్నే బస్తాలతో అదే గేరులో అక్కడే మళ్లీ ఎక్కాలి. మైలురాయి దగ్గర ముల్లు 1700 చూపితే పంపు జోలికి పోనక్కర్లేదు. 1400 దగ్గరే ఆగిపోతే అప్పుడు నాజిళ్లు విప్పించాలి, పంపు టెస్టింగుకు పంపాలి.